వాలు లేని గది

లిఫ్టు కిందికి దిగుతున్నంతసేపూ తల్పగిరి చిన్నప్పటి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఒకపక్క అతని భార్య హైమ, మరోపక్క అక్క కామాక్షి నిలబడి వింటున్నారు. కామాక్షికి అవన్నీ తెలిసినవే. అక్కాతమ్ముళ్లిద్దరూ ఈ గని పక్కన కాలనీలోనే పుట్టి పెరిగారు. అయినా తమ్ముడు మొదలుపెడితే ఆమెకి మళ్లీ వినాలనిపిస్తుంది.

"అమ్మ షెడ్డులోంచి వచ్చేసరికి మేమిద్దరం అరుగు మింద కూర్చోనుండేవాళ్లం హైమా. అమ్మ కొంగు దులిపితే తళతళా రాలేది కాకిబంగారం. నేనొకసారి ఏరుకోని నోట్లో పెట్టుకున్నా. వీపు పగిలిపోయింది ఆ రోజు."

"నోట్లో పెట్టుకునింది నేనురా. దెబ్బలు తినింది నువ్వు," అంది కామాక్షి.

"అట్నా? మరి నాకు దాని రుచి కూడా గుర్తుండాదే!"

ముగ్గురూ నవ్వారు. తల్పగిరి కళ్లలో మాత్రం నవ్వుతోపాటు నీళ్లు తిరిగాయి. అతని తీరే అంత. తల్లి పోయి ఇన్నేళ్లయినా ఆమె మాట వస్తే గొంతు మారిపోతుంది. సినిమాల్లో రైలు కదిలితే చాలు, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంటాడు.

గూడూరుకి పడమట, సైదాపురం దాటాక, ఒకప్పుడు ఆ కాకిబంగారం, అంటే అభ్రకం గనులు వరసగా ఉండేవి. ఈ గనిలో వాళ్ల నాన్న తొట్టి దించే ఇంజను నడిపేవాడు. అమ్మ షెడ్డులో కూర్చుని కత్తితో అభ్రకం పొరలు విడదీసేది. గని మూతపడ్డాక చాలాకాలం అందులో నీళ్లు, గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. ఆకాశం నుంచి కురిసే కణాల రొద చేరలేనంత లోతుందని ఇప్పుడు అక్కడ ప్రయోగశాల కట్టారు. పుట్టిన ఊళ్లో ఉద్యోగం అనగానే అక్కాతమ్ముళ్లు మరో ఆలోచన లేకుండా వచ్చేశారు. కామాక్షి కాగితం మీద లెక్కలు కట్టే మనిషి. ఆ లెక్కలకి రాగితో, తీగలతో ఆకారం ఇచ్చేది తల్పగిరి.

హైమ సైదాపురం పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఆవిడ గనిలోకి దిగడం అదే మొదటిసారి.

"ఇంతకీ మీరు ఆ గదిలో చేసేదేంది? నాకు తెలిసేటట్టు చెప్పండి," అంది అడుగున లిఫ్టు ఆగాక.

తల్పగిరి తన క్యారియరు గిన్నె మూత తిరగేసి, దాని అంచు చుట్టూ ఉన్న గాడిలో చిన్న ఇనప గోలీ వేశాడు. మూతని సమంగా పట్టుకుంటే గోలీ ఎక్కడ పెడితే అక్కడే ఉంది. కొద్దిగా వంచగానే దొర్లుకుంటూ పల్లానికి చేరి, అటూ ఇటూ ఊగి, అక్కడ నిలిచింది.

"యాక్సియాన్ లాంటి కణాలని కొన్ని ఉండాయి. ఇప్పుడు కూడా మన ఒంట్లోంచి పోతానే ఉంటాయి. మూత సమంగా ఉంటే వాటికి బరువు లేదు. వాలితే బరువొస్తుంది. ఎంత వాలుంటే అంత బరువు."

"మరి ఆ మూతని వంచిందెవరు?"

"దానికి మీ వదిన్ని అడగాల."

కామాక్షి చెప్పింది. "ప్రతి కణానికీ ఒక తోడు కణం ఉండాదని ఒక సిద్ధాంతం హైమా. సూపర్‌సిమెట్రీ అంటారు. ఆ పొత్తు చెదరకుండా ఉన్నన్నాళ్లూ మూత సమంగానే ఉంటుంది. మన కంటికి కనపడని పక్కన ఆ తోడు కణాలు కొన్ని ఎప్పుడో పాలు తోడుకున్నట్టు తోడుకున్నాయి. పొత్తు చెదిరింది, మూత వాలింది. ఇది నా లెక్క. ఈ గదిలో ఆ పెరుగుని మళ్లీ పాలు చేస్తాడంట మీ ఆయన."

"పెరుగుని పాలు చేసేవాడు ఇంట్లో కాఫీ పెట్టలేడు," అంది హైమ. గని గోడల్లో మిగిలిన అభ్రకం ముక్కల మీద దీపాల వెలుతురు పడి ఆవిడ చీరంతా చుక్కలు చుక్కలుగా మెరిసింది.

గది అంటే రాగిరేకు తాపడం చేసిన గుండ్రటి గూడు. మనిషి చుట్టూ నాలుగు వలయాలు. వాటిని తిప్పడానికి మోటారు పెడితే దాని అయస్కాంతం కొలతలన్నీ చెడగొడుతుంది. అందుకని ఎవరో ఒకరు లోపల కూర్చుని చేత్తో తిప్పాలి. ఆ కణాలు మనిషికి హాని చేయవనే అందరూ అనుకున్నారు. కోట్లకొద్దీ ఒంట్లోంచి పోతున్నా ఎవరికీ ఏమీ కాలేదు కదా! పైగా ఆ వలయాలని తయారుచేసింది తల్పగిరి. తనే కూర్చుంటానన్నాడు.

మొదటిసారి గది పనిచేసిన రోజు కామాక్షికి ఎప్పటికీ గుర్తుండిపోయింది. బయట స్పీకరులో సన్నటి ఈల వినిపిస్తోంది. కణాలు గదిలో రేడియో తరంగాలుగా మారుతుంటే వచ్చే శబ్దం అది. కణం బరువు ఎక్కువైతే కీచుమంటుంది, తక్కువైతే బొంగురుపోతుంది. లోపల తల్పగిరి వలయాలు తిప్పుతున్నకొద్దీ ఈల దిగింది. తంబురా మోతలాగా మారింది. ఇంకా దిగి, బొంగరం ఆగేముందు గుర్రుమన్నట్టయింది. ఆ తరవాత ఏమీ లేదు.

డైరెక్టరు కరీముల్లా గారు కుర్చీలోంచి లేచారు. "వినపడుతోందా అమ్మా?"

"లేదు సార్."

"నాకూ వినపడడం లేదు. బరువు పోయింది కామాక్షీ! నీ లెక్క నిజం."

ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. యవ్వనమంతా పోసి కట్టిన లెక్క అది. అందరూ అందంగా ఉందన్నారు గానీ నిజమని ఎవరూ అనలేదు. తల్పగిరి గదిలోంచి బయటికొచ్చి, "స్వీట్లు ఎవరు తెప్పిస్తా ఉండారు?" అన్నాడు.

ఒక్కసారి జరిగితే లోకం నమ్మదు. అదే ఫలితం మళ్లీ మళ్లీ రావాలి, రుతువులు మారినా రావాలి. తల్పగిరి ఆ ఏడాదంతా గదిలోకి వెళుతూ వస్తూ ఉన్నాడు.

తేడాని ముందు పసిగట్టింది హైమ.

అత్తగారి తద్దినం నాటి మధ్యాహ్నం, పక్క క్వార్టర్లో ఉండే కామాక్షి దగ్గరికి వచ్చి గడపలోనే నిలబడింది. తద్దినం పెట్టిన పురోహితుడు అప్పుడే వెళ్లిపోయాడు.

"వదినా, ఆయన్ని చూశారా ఈ రోజు?"

"చూశాను. చక్కగా జరిపించాడే! అయ్యవారు కూడా మెచ్చుకున్నాడు."

"అదే నేను చెప్పేది. యే ఏడన్నా చక్కగా జరిపించాడా? అత్తమ్మ పేరు చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. నేను పక్కనుంచి అందించేదాన్ని. ఈ రోజు గడగడా చెప్పేశాడు. పిండం పెట్టి చేతులు కడుక్కోని గ్యాసు బండ వచ్చిందా అని అడిగాడు."

కామాక్షి కూడా గమనించింది. గమనించి, వయసు వస్తోంది కదా, గట్టిపడ్డాడులే అనుకుంది.

"నిన్న అడిగాను వదినా, మన పెళ్లిచూపుల రోజు జ్ఞాపకముందా అని. అంతా చెప్పాడు. నేను కట్టుకున్న చీర అంచు రంగు చెప్పాడు. మా నాయన దగ్గింది కూడా చెప్పాడు. ఒక్క ముక్క మర్చిపోలేదు. కానీ ఎట్టా చెప్పాడో తెలుసా? పోస్టాఫీసులో నేను పార్సిల్ మీద అడ్రసు చదివినట్టు చెప్పాడు."

డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి అతనిలో ఏ లోపమూ లేదన్నారు. జ్ఞాపకశక్తి ఇంతకుముందుకన్నా బాగుందన్నారు.

కామాక్షికి మనసు నిలవలేదు. ఒక ఆదివారం పొద్దున తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పాత కాలనీకి నడిచింది. కప్పులు లేని గోడలు, వాటిలో మొలిచిన జిల్లేళ్లు. షెడ్డు నేల మాత్రం ఇంకా అక్కడక్కడా మెరుస్తోంది. వేసవిలో ఆ షెడ్డులో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పొరలు చీలుస్తుంటే వచ్చే చిరచిర శబ్దం ఆమె చెవుల్లో మెదిలింది. సాయంత్రం లాంతరు వెలిగించాక అన్నం కలిపే అమ్మ వేళ్లు మెరిసేవి. ఎంత కడుక్కున్నా పోయేది కాదు ఆ మెరుపు. అమ్మ ముద్దలు పెడుతుంటే నక్షత్రాలు తింటున్నామని తమ్ముడు అనేవాడు.

"గిరీ, ఇది మన ఇల్లు రా."

"అవునక్కా. ఈ గోడకి అద్దం ఉండేది. కింద మూల పగిలి ఉండేది. ఆ మూల అమ్మ పడుకునేది, జబ్బు చేసినప్పుడు. దగ్గుతా ఉంటే నువ్వు వాము నీళ్లు కాచేదానివి. ఆఖరి రోజు నీళ్లు తాగలేదు. నీ చెయ్యి పట్టుకోని, నన్ను చూసుకోమని చెప్పింది."

ఆ మాట ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ పైకి అనుకోలేదు. కామాక్షి గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. తల్పగిరి పక్కన కూర్చుని, ఎంతో నెమ్మదిగా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎందుకు ఏడుస్తుండావు అక్కా?"

"నీకు ఏమీ అనిపించడం లేదా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "అన్నీ గుర్తుండాయి. అమ్మ పోయింది ఒక రోజు. నిన్న నేను గడ్డం చేసుకున్నదీ ఒక రోజు. ఇది ఎక్కువ, అది తక్కువ అని తెలియడం లేదక్కా. నాకు బాధగా కూడా లేదు. అందుకని మీకు చెప్పలేదు."

ఆ మాటతో కామాక్షికి సంగతి స్ఫురించింది. ఎక్కువ తక్కువలు లేకపోవడమంటే వాలు లేకపోవడమే.

మర్నాడు ముగ్గురూ గనిలోకి దిగారు. గది బయట, కణాల ఈల వినే తీగచుట్ట మధ్యలో కామాక్షి ముందుగా కూర్చుంది. స్పీకరు సన్నగా ఈల వేసింది. ఆమె లేచి హైమని కూర్చోబెట్టింది. అదే ఈల. తరవాత తల్పగిరి కూర్చున్నాడు. స్పీకరు మూగబోయింది. అతను లేవగానే మళ్లీ ఈల. కూర్చోగానే నిశ్శబ్దం.

హైమకి లెక్కలు తెలియవు. అయినా ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా ఒంట్లో వాలు తిరిగి రాలేదు," అన్నాడు తల్పగిరి మామూలుగా. "గదిలో వచ్చింది గానీ నాలో రాలేదు. ఇన్నాళ్లూ మనిషికీ ఆ కణాలకీ సంబంధమే లేదనుకున్నాం. ఉండాదన్న మాట. ఇది కూడా రాయాలక్కా మన రిసెర్చి పేపర్లో."

కొన్ని వారాల పాటు కామాక్షి ఇంట్లో తన గదిలోంచి బయటికి రాకుండా లెక్కలు కట్టింది. మార్గం ఒకటే కనిపించింది. తమ్ముణ్ణి మళ్లీ గదిలో కూర్చోబెట్టి, వాలుని ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా రప్పించాలి. అంతసేపు కరెంటు తట్టుకునే శక్తి ఆ తీగలకి లేదు. పని పూర్తయ్యేసరికి కాలి కరిగిపోతాయి. గది ఇక ఎప్పటికీ పనిచేయదు. కొలతలు సగంలో ఉన్నాయి. సగం కొలతలతో చెప్పిన మాటని ఎవరూ ఒప్పుకోరు. అలాంటి గది ఇంకొకటి కట్టాలంటే ఆమె జీవితం చాలదు.

కరీముల్లా గారికి ఇదంతా చెప్పింది. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నీ లెక్క నిజమని నాకు తెలుసు, నీకు తెలుసు. లోకానికి తెలియకుండా పోతుంది. నీకు సమ్మతమేనా?"

"ఆ గది నా లెక్క కోసం కట్టింది సార్. వాడు నా లెక్క కోసమే లోపల కూర్చున్నాడు."

"అయితే నన్ను అడగొద్దు. నేను సంతకం పెడతాను."

హైమకి చెప్పడమే కష్టమైంది. ఆ సాయంత్రం వాకిట్లో ముగ్గురూ కూర్చున్నారు.

"ఇంకొక సంగతుంది హైమా. వాలు వస్తుంది. అది ఎటుపక్కకి వస్తుందో మన చేతిలో లేదు. మళ్లీ పాత పల్లానికే చేరతాడని చెప్పలేను. వాడి బరువంతా యాడో, మనకి తెలియని చోట పోయి నిలవచ్చు. నువ్వు వాడికి ఎవరో అన్నట్టు ఉండొచ్చు."

హైమ భర్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీకేం కావాల?"

తల్పగిరి ఆవిడ మొహంలోకి చూశాడు. "నువ్వు ఏడుస్తుండావని తెలుస్తా ఉండాది హైమా. ఇట్టా ఉన్నా నాకు సరే, అట్టా ఉన్నా సరే. ఏదో ఒకటి కావాలని అనిపిస్తే చెప్పనా?"

ఆవిడ కాసేపు నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చుంది.

"యాడో ఒకచోట నిలవనీ వదినా," అంది చివరికి. "నా దగ్గిరే నిలవాలని లేదు. ఇప్పుడు ఈయన పక్కన కూర్చోనుంటే బస్టాండులో కూర్చున్నట్టుండాది. ఎవరికోసమైనా, దేనికోసమైనా సరే, మనిషి ఏడిస్తే చాలు నాకు."

అనుకున్న రోజున తల్పగిరి గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. కామాక్షి బయట మీటల దగ్గర కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత స్పీకరులో దూరంగా గుర్రుమంది. అది మెల్లగా తంబురాగా పేరుకుంది. రాగి వాసన, కాలుతున్న రబ్బరు వాసన గని నిండా కమ్ముకున్నాయి. కరీముల్లా గారు మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడ్డారు. తంబురా మోత ఈలగా మారి నిలకడగా నిలిచింది. అదే క్షణంలో తీగలు టపటపా తెగిపోయాయి. దీపాలు ఆరి, అత్యవసర దీపాలు వెలిగాయి.

తలుపు తెరిస్తే తల్పగిరి చెమటతో తడిసి ఉన్నాడు. తీగచుట్టలో కూర్చోబెట్టి చూద్దామంటే అదీ కాలిపోయింది. తెలుసుకునేందుకు ఎదురుచూడడం తప్ప దారి లేదు.

కొన్నాళ్లు అతను జ్వరం తగ్గిన మనిషిలా ఉన్నాడు. ఒకరోజు పొద్దున వాకిట్లో కూర్చుని హైమ పచ్చి వేరుశనగకాయలు ఒలుస్తోంది. కామాక్షి కాఫీ తాగుతోంది. తల్పగిరి ఒక కాయ తీసుకుని ఒలిచి, గింజ నోట్లో వేసుకోబోయి ఆగిపోయాడు. ఉన్నట్టుండి భోరుమన్నాడు.

హైమ చేతిలో చాట కింద పడింది. "ఏమైంది? ఏమైంది చెప్పు!"

"వెంకటగిరి స్టేషను," అన్నాడు వెక్కుతూ. "తొమ్మిదో తరగతిలో... క్విజ్ పోటీకి పోయి వస్తా రైలు తప్పిపోయినా. వాన. అబ్బా, ఏం వాన! స్టేషన్లో ఎవరూ లేరు. ఒక ముసలి కూలీ ఆయన ఉన్నాడు. తలగుడ్డలో పచ్చి వేరుశనక్కాయలు మూటకట్టుకోనుండాడు. నాకు సగం పెట్టాడు. ఇద్దరం బెంచీ మింద కూర్చోని ఒలుచుకోని తిన్నాం. వాన చూస్తా ఉన్నాం."

"తరవాత?"

"తరవాత రైలొచ్చింది. ఎక్కినా. అంతే, ఇంకేం జరగలేదు." అతను మళ్లీ ఏడ్చాడు. "ఆయన పేరు కూడా అడగలేదు హైమా!"

కామాక్షికి ఆ స్టేషను సంగతే తెలియదు. వాడు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అందులో? ఆగి, ఆగి, ఉండబట్టలేక అడిగింది. "గిరీ, మరి అమ్మ?"

అతను అక్క వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో నొప్పి ఉంది.

"అమ్మ దూరంగా ఉండాదక్కా. ఏమీ అనిపించకుండా లేదు, ముందటిమాదిరి కాదు. సన్నగా, యాడో. ఆ స్టేషనుకి దగ్గిరగా ఉండేవన్నీ బరువుగా ఉండాయి. అవతలికి పోయేకొద్దీ తగ్గిపోతా ఉండాయి. నన్ను తిట్టుకోవద్దక్కా."

"తిట్టుకోనురా," అంది కామాక్షి. కాలనీ అరుగులు, మెరిసే వేళ్లు, లాంతరు వెలుతురు ఇక తన ఒక్కదానికే మిగిలాయని ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్లూ ఇద్దరు మోసిన బరువది. పేపరు రాకపోవడం దీని ముందు పెద్ద నష్టంగా అనిపించలేదు.

హైమ ఒలిచిన గింజలు ఏరి చాటలో వేసి, చాట పక్కనపెట్టి, వచ్చి భర్త ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏ నెల అది?"

"కార్తీకం. స్కూల్లో మూన్నెల్ల పరీక్షలయిపోయినాయి."

"మా పుట్టిల్లు ఆ స్టేషనుకి యెంత దూరమనుకున్నావు? కేకేస్తే వినపడుతుంది. నేనప్పుడు ఆరో తరగతి." ఆవిడ ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "ఒక కార్తీకంలో పెద్ద వాన పడింది. అదో, ఇంకోటో, అదే వాన అని నేను చెప్పలేను. మా మగ్గం గుంటలోకి నీళ్లొచ్చేశాయి. సగం నేసిన చీర మగ్గం మింద ఉండాది. మా నాయన ఊళ్లో లేడు. నేనూ మా అమ్మా చెంబులతో తోడి తోడి వీధిలో పోస్తా ఉంటే, మళ్లీ వచ్చేవి నీళ్లు..."

తల్పగిరి కళ్లు తుడుచుకోవడం ఆపాడు. ముందుకు వంగాడు.

"చీర తడిసిందా?" అని అడిగాడు ఆత్రంగా.

కామాక్షి కాఫీ గ్లాసు తీసుకుని చప్పుడు కాకుండా లేచి తన ఇంటి వైపు నడిచింది. వెనక హైమ గొంతు వినిపిస్తూనే ఉంది. అంచు తడిసిందని, దాన్ని ఎలా ఆరబెట్టారో, ఆ చీర రంగు ఏమిటో మొదటినుంచీ చెబుతోంది.